దొరసాని కాసు

పుట్టింటివాళ్ళు పెట్టిన నగ పోతే ఆడది పదేళ్ళు చెప్పుకుని ఏడుస్తుందంటారు. అలాంటిది, ఒక్క కాసు పోయినందుకు నలభై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్న మనిషిని మీరెప్పుడన్నా చూశారా? నేను మొన్న ఎండాకాలం నెల్లూరు వెళ్ళినప్పుడు చూశాను. చూడ్డానికి వెళ్ళింది సముద్రాన్నీ, తినడానికి వెళ్ళింది చేపల పులుసునీ అనుకోండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఈ కాసు కథని మూటగట్టుకొచ్చాను.

మా పెద్దమ్మది మైపాడుకి ఇవతల ఒక చిన్న ఊరు. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఊరు దాటి ఇందుకూరుపేట వైపు తిరిగితే చాలు, రెండు పక్కలా పెన్న నీళ్ళు పారే పచ్చటి వరి మడులు. ఒకప్పుడు ఈ మడుల్లో మొలగొలుకులు పండేవి. ఆ బియ్యం వండితే అన్నం పక్కింటికి కూడా తెలిసేదని మా అమ్మ చెప్పేది. సముద్రం దగ్గరపడే కొద్దీ మడులు పోయి రొయ్యల గుంటలు వస్తాయి. తొంభైల్లో టైగర్ రొయ్య వేసి మేడలు కట్టినవాళ్ళూ ఉన్నారు, ఆ రొయ్యకి తెగులొచ్చి అదే మేడలు అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడంతా వెనామీ. ఆ గుంటలు దాటితే బకింగ్‌హామ్ కాలువ, కాలువ దాటితే సరుగుడు తోపులు, తోపులు దాటితే సముద్రం!

ఆ కాలువని చూసి ఏదో మురిక్కాలువ అనుకునేరు. 1877–78 కరువులో కూలి పని కోసం అల్లాడిన జనం చేత దీనిలో కొంత భాగం తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. సరుగుడు కట్టెలూ, ఉప్పూ పడవలకెక్కి మద్రాసు దాకా వెళ్ళేవి. పెద్దమ్మ కాపురానికొచ్చిన కొత్తల్లో ఆ పడవల్ని చూసిందట. "గట్టు మీద మడుసులు తాడు పట్టుకోని లాగతా పోతా ఉంటే, పడవ వాళ్ళ ఎనకాల పసిబిడ్డ మాదిరి వచ్చేది పాపా" అంటుంది.

పులుసు సంగతి

నేను వెళ్ళేసరికి రాత్రే వండి పెట్టిన కొర్రమీను పులుసు మట్టిదాకలో నాకోసం కాచుకుని ఉంది. నెల్లూరు చేపల పులుసు వండిన పూట తినడం తెలివితక్కువ పని. చింతపండు పులుసు చిక్కగా తీసి, ఉల్లిపాయలు, టమాటాలు మగ్గాక పోస్తారు. అది బాగా తెర్లాక చేప ముక్కలు వేస్తారు. ఆ తరవాత గరిటె పెట్టకూడదు, దాకనే పట్టుకుని తిప్పాలి. ముక్క ఉడికిందనగా పుల్లమామిడి చెక్కలు తొక్కతో సహా వేసి, వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర, మెంతుల పొడి చల్లి దించేస్తారు. మెంతులు ఒక్క చిటికెడే సుమా, ఎక్కువైతే చేదు. మూత పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పులుసంతా ముక్కకి పట్టి, పైన నూనె తేలి ఉంటుంది.

నేను రెండోసారి అన్నం కలుపుకుంటూ ఉండగా పెద్దమ్మ మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. చెన్నైలో ఉద్యోగం చేస్తోంది, వైశాఖంలో పెళ్ళి. నాకు మేనకోడలు వరస.

"అత్తా, నాయనమ్మ కాసుల పేరు నాకు ఇస్తానంది. కానీ అంత పాత మోడల్ నేను పెట్టుకోలేను. రేపు నెల్లూరు తీసుకుపోయి కరిగించి హారం చేయిస్తామంటున్నారు. నువ్వు కూడా రా" అంది.

"ఏదీ, ముందు చూడనీ" అన్నాను.

పెద్దమ్మ బీరువాలోంచి పాత పట్టు జాకెట్టు గుడ్డలో చుట్టిన మూట తెచ్చింది. విప్పితే ఒకదాని పక్కన ఒకటి లక్ష్మీదేవి కాసులు, అరిగిపోయి మెత్తగా మెరుస్తున్నాయి. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో పెద్దమ్మ మెడలో దూరం నుంచి చూడటమే గానీ చేత్తో పట్టుకోవడం నాకదే మొదలు. నడిమధ్యన, పతకం ఉండాల్సిన చోట, ఒక చిన్న రింగు ఖాళీగా వేలాడుతోంది.

"ఇక్కడ కాసేదీ?" అంది పిల్ల.

పెద్దమ్మ జవాబు చెప్పలేదు. "మజ్జిగ తెస్తా" అని లేచి లోపలికి పోయింది.

తుపాను నాటి మాట

ఆ ఖాళీ చోట ఏముండేదో నాకు తెలుసు. ఇంట్లో దాన్ని 'దొరసాని కాసు' అనేవాళ్ళు. విక్టోరియా రాణి తల ఉన్న ఇంగ్లీషు సవర. మా అమ్మమ్మ వాళ్ళ వైపు నుంచి వచ్చింది. మనం నెల్లూరు వైపు 'నాలుగు సవర్లు పెట్టారు' అంటామే, ఆ సవర అన్న మాట సావరిన్ అనే ఆ ఇంగ్లీషు నాణెం నుంచి వచ్చిందే. దాని బరువు ఎనిమిది గ్రాములకి పిసరు తక్కువ. మన సవర లెక్కా అదే.

1984 నవంబరులో పెద్ద తుపాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. ఊళ్ళో పెంకుటిళ్ళవాళ్ళందరూ మిద్దె ఇళ్ళలోకి పరుగెత్తారు. నాకప్పుడు పదేళ్ళు, మేం నెల్లూరులో ఉండేవాళ్ళం. తరవాత విన్నదేమంటే, ఆ హడావిడిలో నగల మూటని ఇంట్లో పనిచేసే ఆవిడ నెత్తిన పెట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో మిద్దెకి చేర్చింది. గాలీ వానా తగ్గాక పెద్దమ్మ అత్తగారు మూట విప్పి చూస్తే దొరసాని కాసు లేదు!

ఇక చెప్పేదేముంది? మూట మోసింది ఎవరు? ఆవిడ. పేదది ఎవరు? ఆవిడ. పిల్లలందరం 'అక్కా' అని పిలిచే మనిషిని నడిబజార్లో నిలబెట్టి అడిగారు. ఆమె గుడిసె వెతికారు, చీరె కొంగు దులిపించారు. కాసు దొరకలేదు. దొరక్కపోయినా దొంగ అన్న పేరు దొరికింది కదా! నెల తిరక్కముందే మొగుడూ పిల్లల్ని తీసుకుని ఆమె ఊరొదిలి వెళ్ళిపోయింది.

పిల్ల ఈ కథంతా విని కాసుల పేరుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఫోను లైటు వేసి, అదే ఫోనులో రింగుని పెద్దది చేసి చూసింది.

"అత్తా, ఇటు చూడు. లాగితే ఊడిపోయిన రింగు సాగి ఉంటుంది, నోరు తెరుచుకుని ఉంటుంది. ఇది చక్కగా మూసి, అతుకు పెట్టి ఉంది."

చూశాను. నిజమే. ఎవరో తీరిగ్గా రింగు తెరిచి, కాసు తీసి, చీరెకి గీరుకోకుండా మళ్ళీ అతికించారు. అది ఆచారి చేసే పని. తుపాను రాత్రి మోకాళ్ళ లోతు నీళ్ళలో కొలిమి వెలిగించిన ఆచారి ఎవరు?

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లోపల పెద్దమ్మ మజ్జిగ చిలుకుతున్న చప్పుడు ఆగిపోయింది.

అంతకు ముందు పోయిన కాసులు

ఆవేళ ఎండ చల్లబడ్డాక పిల్ల స్కూటరు మీద నన్ను మైపాడు తీసుకుపోయింది. ఆదివారం కాదు కాబట్టి జనం పలచగా ఉన్నారు. పట్టపుపాలెం ఆడవాళ్ళు గట్టున కూర్చుని చేపలు ఏరుతున్నారు. దక్షిణాన దూరంగా ఓడలు కనిపించాయి, కృష్ణపట్నం రేవులో వంతు కోసం ఆగినవి. 2008లో ఆ రేవు కొత్తగా మొదలైనప్పటి నుంచి రాత్రిళ్ళు అటువైపు ఆకాశం వెలుగుతూ ఉంటుంది.

ఇసకలో కూర్చుని పిల్లకి ఇంకో కాసుల కథ చెప్పాను. అదీ నెల్లూరుదే, రెండువందల ఏళ్ళ పైమాట. మీరూ వినండి.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట వాలులో దున్నుకుంటున్నాడు. నాగలి దేనికో తగిలి ఆగింది. తవ్వి చూస్తే ఇటికల కట్టడం. ఏదో చిన్న గుడి పాడుబడి మట్టిలో కూరుకుపోయింది. దాని కింద చిన్న కుండ, కుండలో బంగారు నాణేలు! మన వరహాలూ కావు, మొహరీలూ కావు. రోమ్ చక్రవర్తుల కాసులు, అప్పటికే పదహారువందల ఏళ్ళ నాటివి. ట్రాజన్, హేడ్రియన్ అనే చక్రవర్తుల తలలు కొన్నిటి మీద, ఫాస్టినా అనే రాణి తల కొన్నిటి మీద.

పాపం ఆ రైతుకేం తెలుసు? పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్నవాళ్ళు చాలావాటిని కరిగించేశారు. అప్పట్లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండేది. సంగతి నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా చెవిన పడింది. ఆయన మనుషుల్ని పంపి ముప్ఫైకి పైగా కాసులు రాబట్టాడు. వాటిలో రెండు ఏరుకోమని మద్రాసులో గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కి ఇచ్చాడు. ఆ దొర 1787లో ఈ సంగతంతా ఉత్తరంగా రాస్తే, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వాళ్ళు తమ పుస్తకంలో అచ్చేశారు. అందువల్లే ఈ కథ మనదాకా వచ్చింది.

ఆ ఉత్తరంలో ఒక ముక్క ఆడవాళ్ళం మనం చదివితే చటుక్కున ఆగిపోతాం. కొన్ని కాసులు నిన్నమొన్న ముద్ర కొట్టినట్టు కొత్తగా ఉన్నాయట. ఇంకొన్ని బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయట. వాటిని దండకీ మెడకీ కట్టుకుని ఉంటారని ఆ దొర ఊహించాడు. అంటే ఏమిటన్నమాట? కాసుల పేరే! పదిహేడు, పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందట ఈ సీమలో ఏ ఇల్లాలో ఫాస్టినా రాణి తలకి చిల్లు వేయించి మెడలో వేసుకుని ఉండొచ్చు. మా అమ్మమ్మ విక్టోరియా రాణిని వేసుకోలా? ఆ రోమ్ కాసు బరువు ఏడు గ్రాముల పైచిలుకు. మన సవరకి చెల్లెలు వరస.

"అంత బంగారం ఇక్కడికెందుకొచ్చింది అత్తా?" అంది పిల్ల.

మన సరుకు కోసం. మిరియాలు, ముత్యాలు, గాలికి ఎగిరే సన్నటి నూలు బట్టలు. బంగారం ఇలా పోతుంటే ప్లినీ అనే రోమ్ పండితుడు మొదటి శతాబ్దంలోనే లెక్కగట్టి వాపోయాడు. ఒక్క మన దేశానికే ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు పోతున్నాయన్నాడు. వంద సెస్టర్సులు ఒక బంగారు కాసు. అంటే ఏడాదికి ఐదు లక్షల కాసులు! ఇంతకీ ఆయన తప్పు ఎవరి మీద పెట్టాడనుకున్నారు? వాళ్ళ ఆడవాళ్ళ సోకుల మీద. ఏ దేశమైనా ఏ కాలమైనా అంతే కాబోలు. ఇంట్లో బంగారం తగ్గితే ముందు ఆడదాని వైపే చూస్తారు.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. శాతవాహన రాజులు రెండు తెరచాపల ఓడ బొమ్మతో సీసం నాణేలు వేయించారు.

"మరి ఆ రైతు ఏమయ్యాడు?"

ఉత్తరంలో నవాబు కొడుకు పేరుంది, చక్రవర్తుల పేర్లున్నాయి. రైతు పేరు లేదు, ఊరి పేరూ లేదు. ఒకే ఒక్క ఆధారం 'రాళ్ళగుట్ట'. మైపాడు ఇసకలో రాయి కోసం వెతికితే ఏం దొరుకుతుంది? నెల్లూరుకి రాళ్ళగుట్టలున్నది పడమట, నరసింహకొండ వైపూ ఆ పైనా. సముద్రం మీద వచ్చిన కాసులు అంత దూరం లోపలికి నడిచి వెళ్ళాయన్నమాట. దానికి దారి ఉండాలి, సంత ఉండాలి, కొనేవాళ్ళుండాలి.

పిల్ల కాసేపు సముద్రాన్ని చూసి, "రైతుని ఎవరూ ఏమీ అడగలేదు. మన ఇంట్లో అక్కనీ అంతే. నేరం అడిగారు, నిజం అడగలేదు" అంది. ఈ కాలం పిల్లలు ఒక్కోసారి పెద్దవాళ్ళకన్నా సూటిగా మాట్లాడతారు.

మాయమైన కోట

మర్నాడు నగల కొట్టుకి పోవడం మానేసి దుగరాజపట్నం వెళ్దామన్నాను. పెద్దమ్మ కూడా వస్తానంది. ఎనభై దాటిన మనిషి, ఎండలో ఎందుకన్నా వినలేదు. గూడూరు మీదుగా కోట, వాకాడు దాటి వెళ్ళాలి. దారిలో స్వర్ణముఖి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, మాటలో యాస మాత్రం నెల్లూరుదే.

దుగరాజపట్నం వెనక కూడా పోగొట్టుకున్న కథే ఉంది. మచిలీపట్నంలో వ్యాపారానికి అవస్థలు పడుతున్న ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1626లో ఇక్కడ కొట్టు పెట్టి, చుట్టూ చిన్న కోట కట్టి, పన్నెండు ఫిరంగులు నిలబెట్టారు. కోరమాండల్ తీరంలో వాళ్ళకదే మొదటి కోట! సాయం చేసిన ఆర్ముగ ముదలియారు పేరు మీద ఈ చోటుని ఆర్మగాన్ అన్నారని చెబుతారు. కానీ వాళ్ళకి కావలసిన బట్ట ఇక్కడ చవగ్గా దొరకలేదు. ఇక్కడి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో దామెర్ల నాయకుల దగ్గర మద్రాసులో జాగా సంపాదించాడు. 1640లో మూటాముల్లే సర్దుకుని అందరూ అక్కడికి వెళ్ళిపోయారు. అక్కడే సెయింట్ జార్జి కోట లేచింది, దాని చుట్టూ ఒక మహానగరం పుట్టింది. చెన్నపట్నం పేరు కూడా ఆ దామెర్ల నాయకుల తండ్రి చెన్నప్పది.

ఇక్కడ చెన్నై అంత ఊరు వచ్చుండాల్సింది. రాలేదు. 2014 విభజన చట్టంలో ఇక్కడ పెద్ద రేవు కడతామనీ, 2018 చివరికి మొదటి దశ పూర్తి చేస్తామనీ రాశారు. ఆ గడువూ దాటిపోయింది. మేం కోట కోసం వెతికితే కనపడింది ఇసకా, సరుగుడు చెట్లూ, ఎండేసిన వలలూ. ఆర్మగాన్ అన్న పేరు మాత్రం లైట్‌హౌసుకి మిగిలింది.

చెట్టు నీడన తెచ్చుకున్న పులిహోర తింటూ కూర్చున్నాం. పెద్దమ్మ ఉన్నట్టుండి అంది:

"ఆ కాసు నేనే తీయించినా పాపా."

మేం మాట్లాడలేదు.

"ఆ ఏడు శ్రావణంలో నెల్లూరులో పెళ్ళికి పేరు పెట్టుకోని పోయినా. మీ మామ వచ్చి గోడ పక్కన నిలబడి ఏడ్చినాడు. అప్పులోడు పొలం రాయించుకుంటా ఉండాడని. నా తమ్ముడు గదా. నా పుట్టింటోళ్ళు పెట్టిన కాసే గదా. ఆచారి దగ్గిరికి పోయి తీయించి ఇచ్చినా. సంక్రాంతికల్లా డబ్బు కట్టి విడిపిస్తానన్న్యాడు, మళ్ళీ పెట్టిద్దాంలే అనుకున్న్యా. ఈలోపల గాలివాన వచ్చె, మా అత్త మూట ఇప్పె."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా నాయనమ్మా?"

"చెప్తే? మొగుడికి తెలీకుండా పుట్టింటికి దోచిపెట్టినానని నన్ను అదే బజార్లో నిలబెట్టి ఉందురు. ముగ్గురు బిడ్డల తల్లిని. ఈ పొద్దు చెప్దాం రేపు చెప్దాం అనుకుంటా ఉండగానే ఆ మడిసి పోయింది. పోయినాక ఎవురికి చెప్పేది?"

నాకు కోపమొచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి. పుట్టింటివాళ్ళు పెట్టిన నగ స్త్రీధనం, అది భార్య సొంతం, భర్తక్కూడా దాని మీద హక్కులేదని సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో తేల్చింది 1985లో. మా పెద్దమ్మ కథ జరిగిన మరుసటి ఏడే! తన కాసు తాను తీసుకున్న ఒక ఆడది నోరు విప్పలేక, ఏ కాసూ తీసుకోని ఇంకొక ఆడదాన్ని దొంగని చేసింది. తప్పు కాదని నేననను. కానీ ఆ తప్పు ఒక్క పెద్దమ్మ చేసిందేనా?

"ఆమె ఎక్కడుందో తెలుసా?" అనడిగాను.

"నెల్లూరులో, పెన్న గట్టున కూతురింట్లో" అంది పెద్దమ్మ. ఎంత సేపూ పట్టలేదు జవాబుకి. ఇన్నేళ్ళూ కనుక్కుంటూనే ఉందన్నమాట.

పెన్న గట్టున

తిరుగు దారిలో నేరుగా అక్కడికే వెళ్ళాం. రెండు గదుల ఇల్లు, గుమ్మంలో కనకాంబరాల మడి. ఆమె నులకమంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. పెద్దమ్మని చూసి గుర్తు పట్టింది. లేవబోయి, లేవలేక, "రామ్మా" అంది.

పెద్దమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది, ఉన్నదున్నట్టు. చెప్పి, సంచీలోంచి మూట తీసి, "ఇందులో నీకెన్ని కాసులు కావాలో తీసుకోమే" అంది. గొంతు పూడుకుపోయింది.

ఆమె కాసుల పేరు అందుకుంది. వేలితో తడుముతూ వెళ్ళి ఖాళీ రింగు దగ్గర ఆగింది.

"నాకప్పుడే తెలుసమ్మా. పండగ పండక్కీ కుంకుడు నురగలో నానేసి దీన్ని రుద్దింది ఎవురు? నేనే గదా. గాలివానకి ముందర, ఆ ఏడు దసరాకి రుద్దినప్పుడే చూసినా. కాసు లేదు, రింగు అతికేసుండాది. నువ్వే తీయించినావని తెలుసుకున్న్యా."

మాకు నోట మాట రాలేదు.

"మరి నువ్వెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"చెప్తే నమ్ముదురా? నమ్మినా ఈయమ్మ కాపరం ఏమయ్యేది? మాటపడితే నేను ఊరొదిలి పోగల్ను. ఈయమ్మ ఏడికి పోద్ది?" అని, పెద్దమ్మ వైపు తిరిగింది. "కానీ నువ్వు ఒక్క రోజన్నా వస్తావని చూసినానమ్మా. అదే బాధ. మా ఆయన పోయిందాకా అదే మాట అంటా ఉండె."

పెద్దమ్మ మంచం పట్టె మీద కూలబడింది. ఇద్దరూ చాలాసేపు ఏమీ అనుకోలేదు. ఏడ్చిందెవరో, ఓదార్చిందెవరో కూడా నేను రాయను.

కాసు మాత్రం ఆమె తీసుకోలేదు. "నాకెందుకమ్మా ఈ వయసులో? పాప పెళ్ళికి పిలువు. నన్ను అడిగిన మనుషుల్లో కొందరింకా ఉండారు గదా. వాళ్ళ ముందర ఈ మాట చెప్పు. అది చాలు" అంది.

వైశాఖంలో పెళ్ళి జరిగింది. పిల్ల కాసుల పేరు కరిగించలేదు. ఖాళీ రింగుతో సహా అలాగే వేసుకుంది. ఫొటోల్లో అది కనిపిస్తుంది కూడా. తాంబూలాలు ఇచ్చేటప్పుడు పెద్దమ్మ ఆమెని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టి, తన చేత్తో పసుపు కుంకుమ, చీరె పెట్టి, చుట్టూ ఉన్న చుట్టాలకి వినపడేలా చెప్పింది. కొందరు తలొంచుకున్నారు. ఒకరిద్దరు "ఇప్పుడెందుకులే పాత పురాణం" అన్నారు. ఆమె మాత్రం చీరె ఒళ్ళో పెట్టుకుని తిన్నగా కూర్చుంది. భోజనాల దగ్గర పులుసులో మెంతులు ఎక్కువయ్యాయని కూడా చెప్పింది!

రాళ్ళగుట్ట రైతు సంగతి ఇక మనకి తెలిసే దారి లేదు. ఆయన్ని అడగాల్సినవాళ్ళు అప్పుడే అడగాల్సింది. మన ఇళ్ళల్లో అడగాల్సినవాళ్ళు ఇంకా బతికే ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి.

మీరు వెళ్ళాలంటే

నెల్లూరుకి విజయవాడ నుంచీ, చెన్నై నుంచీ రైళ్ళు బోలెడు. అక్కడి నుంచి మైపాడుకి బస్సులూ ఆటోలూ ఉన్నాయి. వెళ్తే నవంబరు తుపాన్లు సద్దుమణిగాక, చలికాలంలో వెళ్ళండి. అప్పుడైతే పులికాట్‌లో రాజహంసల్నీ, నేలపట్టులో గూడకొంగల్నీ కూడా చూసి రావచ్చు. అలలు చూడ్డానికి మెత్తగా ఉన్నా లోపలికి లాగుతాయి, పిల్లల చెయ్యి వదలకండి. తాగే నీళ్ళు వెంట తీసుకువెళ్ళండి.

ఇక ఇంట్లో పాత కాసులుంటే కరిగించే ముందు ఒక్కసారి వెలుతురులో పెట్టి చూసుకోండి. వాటి మీద ఎవరి తల ఉందో, ఏ ఏడు ఉందో కాగితం మీద రాసి పెట్టండి, ఫొటో తీసుకోండి. కరిగితే మిగిలేది తరుగూ మజూరీ లెక్కలే. నేలలో దొరికిన నిధైతే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకి తెలపాలి. వందేళ్ళు దాటిన నాణేల్ని విదేశాలకి పంపడం 1972 చట్టం ప్రకారం కుదరదు. నగలు శుభ్రం చేసుకోవడానికి గోరువెచ్చటి కుంకుడు రసం, మెత్తటి పాత బ్రష్షు చాలు. రుద్దేటప్పుడు రింగులు కూడా జాగ్రత్తగా చూడండి. ఎన్ని సంగతులు చెబుతాయో!